ఆపరేషన్ ఎవరికి?

ఒరేయ్ రాంబాబూ,

పాప బారసాల కబుర్లు చదివి సంతోషపడ్డాను. కానీ చివర్లో "ఇద్దరు చాలు, ఇక మీ చెల్లెమ్మకి ఆపరేషన్ చేయించేస్తా" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. మరి నీ సంగతేంట్రా?

మన ఆంధ్రలో 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో వందకి దాదాపు 70 మంది ఈ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. ఆమెకైతే పొట్ట కోసి, లేదా గొట్టం పంపి, లోపలి ట్యూబులు మూయాలి. నీకైతే కోత లేదు, కుట్టు లేదు. వృషణాల తిత్తికి మత్తు సూది వేసి, చర్మానికి చిన్న రంధ్రం చేసి, శుక్రకణాలు వెళ్లే గొట్టాలు, అంటే వీర్యవాహికలు, రెండూ బయటికి లాగి, తుంచి కట్టేస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల పని. ఈ పద్ధతి 1974లో చైనాలో లీ షున్‌చియాంగ్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. ఎమర్జెన్సీలో బలవంతంగా ఆపరేషన్లు చేసిన నాటి భయాలు ఇంకా పట్టుకుని వేలాడకు.

నీరసం వస్తుందనీ, మగతనం పోతుందనీ అంటారు. మగ హార్మోను వెళ్లేది రక్తంలోకి, ఈ గొట్టంలోంచి కాదు. వీర్యంలో శుక్రకణాల వాటా చాలా కొద్ది కాబట్టి, చూడ్డానికి తేడా కూడా తెలియదు.

ఎక్కువమంది బోల్తాపడేది ఆపరేషన్ తర్వాత. ఆ రోజునుంచే పనిచేసేస్తుంది అనుకుంటారు. కట్టిన చోటికి అవతల పాత కణాలు మిగిలే ఉంటాయిరా. మూడు నెలలు కండోమ్ తప్పనిసరి, ఆ తర్వాత వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే మానెయ్యాలి. పరీక్షకి వెళ్లకుండా, తర్వాత భార్యని అనుమానించే మహానుభావులు కూడా ఉంటారు!

అన్నట్టు, "పాలిస్తోందిగా, కడుపు రాదులే" అని ధీమాగా ఉండకు. పాపకి ఆరు నెలలు నిండకూడదు, పాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, చెల్లెమ్మకి నెలసరి మొదలవకూడదు. మూడూ ఉంటేనే ఆ మాట. మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు పాలిచ్చేటప్పుడు ఆరు నెలల దాకా వద్దు. ఛాయ అనే మాత్ర వాడొచ్చు: మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. నిరోధ్‌లు ఆశా కార్యకర్తనడిగితే ఇస్తుంది.

ఒకసారి చేయించుకుంటే శాశ్వతమే అనుకో. తిరిగి కలిపించుకోవచ్చులే అన్న ఆలోచన ఏ మూలన్నా ఉంటే ఇప్పుడు వద్దు, చెల్లెమ్మని కాపర్-టి వేయించుకోమను. ప్రభుత్వాసుపత్రి నిబంధన ప్రకారం ఒక బిడ్డకైనా ఏడాది దాటి ఉండాలి. మీ పెద్దాడికి నాలుగేళ్లు కాబట్టి నీకా ఇబ్బంది లేదు.

వెళ్లే రోజు బాగా స్నానం చేసి, బిగుతుగా ఉండే లంగోటీ పట్టుకెళ్లు. రెండు రోజులు పూర్తి విశ్రాంతి, వారం దాకా బరువులెత్తకు, సైకిలు తొక్కకు. కాస్త వాపు, నొప్పి మామూలే. వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము పట్టినా ఆగకుండా చూపించుకో. తిరిగొచ్చేటప్పుడు బండి నువ్వు నడపకు, మీ బామ్మర్దిని వెంట తీసుకెళ్లు.

నీ
సత్తిగాడు