సోనార్ రేంజ్ పెంచితే ఎక్కువ కనపడదండీ

సంపాదకుల వారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో చేపల బోట్లకి వాడే సైడ్ ఇమేజింగ్ సోనార్ (బోటుకి రెండు పక్కలా శబ్దం పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి నీటి అడుగుని తెర మీద బొమ్మగా చూపించే మెషిన్) మీద వేసిన వ్యాసం చదివాను, చాలావరకు బాగుంది కానీ ఒక్క మాట దగ్గర నాకు మనసొప్పలేదు, అందుకే రాస్తున్నా. రేంజ్, అంటే ఒక్కో పక్కకి ఎంత దూరం చూడాలో ఆ లెక్క, ఎంత ఎక్కువ పెడితే అంత ఎక్కువ నీళ్లు ఒకేసారి చూసేయొచ్చని రాశారు. కొత్తగా మెషిన్ బిగించుకున్నవాళ్లు అది చదివి నేరుగా మాక్సిమమ్ పెట్టేస్తారండీ, నేనూ మొదట్లో చాలా రోజులు అదే చేశా, అటు వంద ఇటు వంద మీటర్లు పెట్టుకుని తిరిగేవాణ్ణి.

ఒకచోట తెర మీద గోటితో గీకినట్టు చిన్న గీత కనపడేది, నాలుగైదు సార్లు దాని పక్కనించే పోయాను, రాయేదో అనుకుని వదిలేశా. ఒకరోజు నాతో వచ్చిన పెద్దాయన రేంజ్ 25కి దించేసి, మళ్లీ అదే దారిలో మెల్లగా పోనీ అన్నారు. ఆ గీతే ఈసారి పడిపోయిన చెట్టై కూర్చుంది, మొదలు వేరుగా కొమ్మలు వేరుగా, కొమ్మల మధ్య బియ్యపు గింజల్లా తెల్లటి చుక్కలు, ఒక్కో చుక్కకి అవతల ఒక నల్లటి నీడ. చేపలు అక్కడే ఉన్నాయి, ఇన్ని రోజులూ కనపడకుండా చేసుకుంది నేనే.

ఎందుకలా అవుతుందో చూడండి. తెర అడ్డంగా 1024 పిక్సెళ్లు అనుకుంటే ఒక్కో వైపుకి వచ్చేది 512. వంద మీటర్లని అందులో ఇరికిస్తే ఒక్కో పిక్సెల్‌కి దాదాపు 20 సెంటీమీటర్లు పడతాయి, జానెడు చేప ఒక్క చుక్క కూడా సరిగ్గా అవ్వదు. అదే 25 పెడితే పిక్సెల్‌కి 5 సెంటీమీటర్లే.

రెండోది టైము. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది కాబట్టి వంద మీటర్లు పోయి తిరిగి రావడానికి సెకనులో దాదాపు ఏడో వంతు పడుతుంది, అంటే మెషిన్‌కి సెకనుకి ఏడు సార్లకి మించి శబ్దం పంపడం కుదరదు, 30 మీటర్లకైతే పాతిక సార్ల దాకా పంపొచ్చు. పంపిన ప్రతిసారీ తెర మీద ఒక గీత పడుతుంది, ఆ గీతలన్నీ కలిస్తేనే బొమ్మ. రేంజ్ పెంచి బోటు కూడా స్పీడుగా పోనిస్తే గీతకీ గీతకీ మధ్య ఖాళీలు పడి బొమ్మ నొక్కేసినట్టు వస్తుంది. అందుకే నేను గంటకి ఏడెనిమిది కిలోమీటర్లు దాటనివ్వను, తిప్పేటప్పుడు వచ్చే బొమ్మనైతే అసలు నమ్మను.

అలాగని మరీ తగ్గించేయమనడం లేదండీ. రేంజ్ కొలిచేది ట్రాన్స్‌డ్యూసర్ (బోటు కింద శబ్దం పంపి అందుకునే భాగం) నించి ఏటవాలుగా, నేల మీద కాదు. లోతు 24 మీటర్లు ఉన్నచోట 30 పెట్టారనుకోండి, తెరలో ఎక్కువ భాగం మధ్యలో బోటు కింది నీళ్లని చూపించే నల్లటి పట్టీయే తినేస్తుంది, నేల కనపడేది పక్కకి 18 మీటర్లే. అదే 6 మీటర్ల లోతులో 30 పెడితే దాదాపు 29 మీటర్ల నేల కనపడుతుంది. కాబట్టి ముందు లోతు చూసుకుని, దానికి మూడు నాలుగు రెట్లు పెట్టి అక్కణ్ణించి తగ్గించుకుంటూ రావడం నాకు బాగా కుదిరింది, లోతు ఎక్కువైతే రెండు రెట్లతోనే సరిపెట్టుకుంటా.

ఫ్రీక్వెన్సీ కూడా దీనితో ముడిపడిందే. 455 కిలోహెర్ట్జ్ దూరం పోతుంది, 800 దగ్గర్లో శుభ్రంగా చూపిస్తుంది కానీ దూరం పోయేకొద్దీ నీరసపడుతుంది, ఉప్పునీళ్లలో ఇంకా తొందరగా. కొత్తచోటికి వెళ్తే ముందు 455 మీద 50, 60 మీటర్లు పెట్టి వెతుకుతా, అనుమానం వచ్చినచోట వేపాయింట్ (మెషిన్ మ్యాపులో ఆ చోటుకి గుర్తు) కొట్టుకుంటా, తర్వాత 800కి మార్చి 20, 25కి దించి దాని పక్కనించి మళ్లీ వస్తా. రెండోసారి వచ్చేటప్పుడు ఆ చెట్టో రాయో తెరలో ఒక వైపు నట్టనడుమ పడేలా పోవాలి, అంచున పడితే సాగినట్టు కనపడుతుంది.

నీడల సంగతి వ్యాసంలో అసలు లేకపోవడం నాకు బాధనిపించింది. చేపకీ దాని నీడకీ మధ్య ఎడం ఎక్కువుంటే నేలకి పైన ఈదుతున్నట్టు, నీడ అతుక్కుని ఉంటే నేలని పట్టుకుని ఉన్నట్టు, గాలం ఎంత లోతుకి దించాలో అక్కడే తెలిసిపోతుంది. రేంజ్ పెంచేస్తే మొదట పోయేది ఈ నీడలే.

దయచేసి ఈసారి రాసేటప్పుడు ఒకేచోటు బొమ్మలు రెండు పక్కపక్కన వేయండి, ఒకటి వందలో తీసింది, ఒకటి పాతికలో తీసింది. ఆ రేంజ్ మాట కూడా సరిచేసి వేస్తారని ఆశిస్తున్నా.

ఇట్లు,
మీ పాఠకుడు