బలెన్సియాగా బూట్ల పేరు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలోని ఫ్యాషన్ వ్యాసాల్లో బలెన్సియాగా పేరు తరచూ కనబడుతోంది గానీ, అది ఎప్పుడూ కళ్లు తిరిగే ధర పలికే బూట్లకో చేతిసంచులకో తగిలించిన పేరుగానే ఉంటోంది తప్ప, ఆ పేరు గల మనిషి ఒకరుండేవారని, ఆయన స్వయంగా గుడ్డ కత్తిరించి కుట్టగలిగిన పనివాడని ఎక్కడా రాయడం లేదు. ముప్పై ఏళ్లు కుట్టుపని నేర్పి బతికినదాన్ని కనుక ఈ లోటు నాకు కొంచెం ఎక్కువగానే గుచ్చుకుంటుంది.

క్రిస్టోబల్ బలెన్సియాగా 1895లో స్పెయిన్‌లోని బాస్క్ తీరాన, గెటారియా అనే చేపలు పట్టే ఊళ్లో పుట్టారు. తల్లి ఊళ్లోవారికి బట్టలు కుట్టేది. ఆమె పక్కన కూర్చుని సూది పట్టిన ఆ పిల్లవాడు పన్నెండేళ్లకే దర్జీ దగ్గర పనికి కుదిరి, తర్వాత సాన్ సెబాస్టియన్‌లో సొంత దుకాణం తెరిచి, మాడ్రిడ్, బార్సిలోనాలకూ విస్తరించాడు. అంతర్యుద్ధం ఆ వ్యాపారాన్ని దెబ్బతీయడంతో 1937లో పారిస్ చేరి, ఐదో జార్జ్ పేరిట ఉన్న వీధిలో మళ్లీ మొదలుపెట్టారు.

ఆయన పట్టుదలంతా చేతుల మీదే, అంటే చొక్కాకూ కోటుకూ కుట్టే చేతుల మీద. చంక దగ్గర చిన్న ముడత పడినా, చెయ్యి ఎత్తితే కోటంతా పైకి లేచినా ఊరుకునేవారు కాదు. అప్పటికే కుట్టిన చేతిని విప్పించి మళ్లీ పెట్టించేవారు. చెయ్యి కూర్చోబెట్టడం ఎంత కష్టమో జాకెట్టు కుట్టిన ఎవరికైనా తెలుసు. 1947లో పారిస్‌లోనే మరో దుస్తుల రూపకర్త డియోర్ నడుం బిగించిన గౌన్లతో లోకాన్ని ఊపేస్తే, ఈయన అందుకు ఎదురుగా నడుమును వదులు చేస్తూ పోయి, 1957లో సంచిలా జారే గౌను తెచ్చారు. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని అబ్రహాం సంస్థతో కలిసి గజార్ అనే బిరుసు పట్టును నేయించారు. లోపల ఏ ఆధారమూ లేకుండానే ఆకారం నిలబెట్టే గుడ్డ అది. 1961లో ఒకే ఒక్క కుట్టుతో కోటు తయారుచేశారు. అన్నట్టు, ఆయనకు పత్రికలంటే పడేది కాదు. కొత్త దుస్తులను కొనుగోలుదారులు చూసిన నెలకు గానీ విలేకరులను రానిచ్చేవారు కాదట!

1968లో దుకాణం మూసేశారు, 1972లో కన్నుమూశారు. తర్వాత ఆ పేరు చేతులు మారింది; కొలతలు తీసి ఒక్కొక్కరికీ విడిగా కుట్టే కూట్యూర్ పని ఆ సంస్థలో మళ్లీ మొదలైంది 2021లోనే. ఈలోగా పుట్టిన పాఠకులకు ఆ పేరు బూట్లనే గుర్తుచేస్తే తప్పు వారిది కాదు.

ఇకపై అలాంటి వ్యాసం వేసినప్పుడు, ధరకు ఇచ్చే చోటులో సగమైనా ఆ దుస్తును ఎలా కత్తిరించారో చెప్పడానికి ఇవ్వండి. వీలైతే ఒక కత్తిరింపు పటం కూడా వేయండి. మా దగ్గర నేర్చుకున్న పిల్లలు దాన్ని చూసి గుడ్డ మీద గీసుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత కుట్టు శిక్షకురాలు,
తెనాలి