లక్క పనికి పేరు, కొత్త రూపం కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో జపాన్ లక్క శిల్పి గెంటా ఇషిజుకాపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. 1982లో క్యోటోలో పుట్టిన ఆయనకు 2019లో స్పెయిన్ ఫ్యాషన్ సంస్థ లోవే ఇచ్చే హస్తకళా పురస్కారం తెచ్చిన శిల్పం నిగనిగను మెచ్చుకోవడంతోనే మీ రచయిత ఆగిపోయారు. దాని వెనకనున్న పనిని కూడా వివరించి ఉంటే, లక్క పని ఇంకా బతికి ఉన్న మా కోరాపుట్, నవరంగపురం ప్రాంతాల తెలుగువారికి ఆ వ్యాసం మరింత దగ్గరయ్యేది.

ఇషిజుకా సాగే గుడ్డలో చిన్నవీ పెద్దవీ థర్మోకోల్ ఉండలు నింపి బిగిస్తారు. ఆ ఉబ్బుల మీద ఉరుషి అనే చెట్టుపాలతో (జపాన్ లక్క అంటే ఇదే) నారగుడ్డ అంటించి, పూత మీద పూత వేసి, అరగదీసి మెరుగు పెడతారు. గుడ్డనూ చెట్టుపాలనూ పొరలుగా కట్టే ఈ పద్ధతి అక్కడ చాలా పాతది. జపాన్ పాత రాజధాని నారాలోని కోఫుకుజి ఆలయంలో ఉన్న 734 నాటి అసుర విగ్రహం (మన పురాణాల అసురుడే బౌద్ధంతో అంతదూరం వెళ్ళాడు) ఇలా చేసినదే. ఇషిజుకా ఆ పద్ధతిని విడిచిపెట్టలేదు. దానితో గిన్నె చేయాలా, విగ్రహం చేయాలా, ఇదివరకు ఎవరూ చూడని ఆకారం చేయాలా అన్నది మాత్రం తానే నిర్ణయించుకున్నారు.

ఆ చెట్టుపాలు సులభంగా దొరికేవి కావు. చెట్టు పదేళ్ళకు పైగా పెరిగాక, జూన్ నుంచి అక్టోబరు వరకు గాట్లు పెట్టి తీస్తే దక్కేది సుమారు 200 గ్రాములు. ఆ తరువాత చెట్టును నరికేస్తారు. పచ్చిపాలు ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. పూత గట్టిపడాలంటే 70 నుంచి 80 శాతం తేమ ఉన్న అల్మరాలో ఉంచాలి. జపాన్ వాడే ఉరుషిలో అధికభాగం చైనా నుంచే వస్తుంది. అయినా జాతీయ సంపదగా గుర్తించిన కట్టడాల మరమ్మతులకు స్వదేశీ ఉరుషినే వాడాలని అక్కడి సాంస్కృతిక వ్యవహారాల శాఖ 2015లో నిర్ణయించడంతో, ఇవాతే ప్రాంతంలోని జోబోజిలో తీసే పాలకు గిరాకీ పెరిగింది. చెట్టు పెంచేవారికీ గాటు పెట్టేవారికీ పని ఉన్నచోటే కళాకారుడు ధైర్యంగా ప్రయోగం చేయగలడని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మన లక్క అందుకు పూర్తిగా వేరు. కుసుమ, మోదుగ, రేగు కొమ్మల మీద పురుగు పెట్టే ఈ సరుకు వేడికి కరుగుతుంది. నవరంగపురంలో దీన్ని నిప్పుల సెగన మెత్తబరచి, సన్నని దారంలా సాగదీసి, వెదురు పెట్టెల మీద ముగ్గులుగా అద్దుతారు. ఏటికొప్పాకలో తరిణి (లేత్) మీద తిరిగే అంకుడు కర్రకు లక్కను ఆనిస్తే, రాపిడి వేడికే అది కరిగి పట్టుకుంటుంది. కాబట్టి ఇషిజుకా పనిని ఇక్కడ యథాతథంగా దించడం కుదరదు, దించమని నేను కోరడమూ లేదు. క్షణంలో గట్టిపడే ఆ లక్క దారంతో పెట్టెలూ బొమ్మలూ గాజులూ కాక ఇంకేమి చేయవచ్చో తీరిగ్గా పరీక్షించే అవకాశం మన పనివారికి కల్పించాలని మాత్రమే కోరుతున్నాను. మేళాలకు చవకైన కానుకలు వందలకొద్దీ అందించాల్సిన మనిషికి ఆ తీరిక ఎక్కడిది? గంజాం జిల్లా ఖల్లికోటలోని ప్రభుత్వ చిత్ర, హస్తకళల కళాశాల, విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు లలితకళల విభాగం ఈ పనివారిని తగిన గౌరవవేతనంతో పిలిపించి, శిల్పం నేర్చుకునే విద్యార్థుల పక్కన కొన్ని నెలలు పని చేయిస్తే ఇద్దరికీ మేలు జరుగుతుంది.

మరొక మాట. క్యోటో కళాకారుడి పేరు, ఊరు, చదువు, ఆయన వాడిన గుడ్డ రకం వరకు ప్రపంచానికి తెలుసు. మన లక్క పెట్టె మీద మాత్రం సాధారణంగా జిల్లా పేరే ఉంటుంది, చేసిన మనిషి పేరు ఉండదు. మీ విలేకరిని నవరంగపురం పంపి, అక్కడి పనివారిపై అంతే నిడివిగల వ్యాసం వేయవలసిందిగానూ, ప్రతి ఛాయాచిత్రం కింద దాన్ని చేసినవారి పేరును వారి అనుమతితో ముద్రించవలసిందిగానూ మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా