రద్దు చేసిన బిల్లులు మళ్లీ ఎందుకొచ్చాయంటే

పోయిన నెలలో మా బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను కొత్త సిస్టమ్‌కు మార్చాక, ఒక ఆదివారం ఉదయం మీరు లాగిన్ అయ్యేసరికి, ఎప్పుడో రద్దు చేసిన బిల్లులు మళ్లీ బాకీల్లో కనిపించాయి. కొందరైతే ఆ జాబితా నమ్మి, లేని బాకీ అడిగి, తమ ఖాతాదారుల చేత మాట పడ్డారు. మధ్యాహ్నానికి మేం కొత్త సిస్టమ్ ఆపేసి పాతదానికి వెనక్కి వెళ్లాం. ఆ రోజు "సాంకేతిక కారణాలు" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నాం. ఏళ్ల తరబడి మాతో ఉన్నవాళ్లకు చెప్పాల్సిన తీరు అది కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మీరు ఇన్నాళ్లూ వాడిన బిల్లింగ్, స్టాక్ ప్రోగ్రామ్‌ను మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ భాష విజువల్ ఫాక్స్‌ప్రోలో నేనే రాశాను. ఫాక్స్‌ప్రో ఆఖరి వెర్షన్ 9 వచ్చింది 2004లో. పదోది ఇక ఉండదని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసింది. 2015 జనవరితో సపోర్ట్ కూడా ఆగిపోయింది. అప్పుడే మారమని చెప్పినవాళ్లున్నారు, నేను వినలేదు. నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలని పైకి అన్నాను. నిజానికి నా చేత్తో రాసినదాన్ని వదులుకోబుద్ధి కాలేదు. చివరికి నన్ను కదిలించింది ఒక అంకె. ఫాక్స్‌ప్రోలో ఏ టేబుల్ ఫైలూ 2 జీబీ దాటకూడదు. మీలో పెద్ద వ్యాపారం ఉన్నవాళ్ల బిల్లుల ఫైళ్లు ఆ గీత దగ్గరికొచ్చేశాయి. ఇక నెలాఖరున అందరూ ఒకేసారి రిపోర్టులు తీస్తే ఉన్న ఒక్క సర్వర్ ఎలా చతికిలపడేదో మీకు తెలుసు. "రీఇండెక్స్ జరుగుతోంది, ఆగండి" అన్న మెసేజ్ మీరు చూడని నెల లేదు.

అందుకే క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే సర్వర్లకు వెళ్లాలనుకున్నాం. ప్రోగ్రామ్ మేమే కొత్తగా రాసుకున్నాం. డేటా తరలించే పని మాత్రం, అదే వృత్తిగా ఉన్న ఒక సంస్థకు ఇచ్చాం.

మీరు బిల్లు రద్దు చేస్తే మా పాత ప్రోగ్రామ్ దాని రికార్డును డిలీట్ చేసేది. కానీ ఫాక్స్‌ప్రోలో రికార్డును డిలీట్ చేస్తే అది ఫైల్లోంచి పోదు. ప్రతి రికార్డుకూ ముందు ఒక బైట్, అంటే ఒక్క గుర్తు పట్టేంత చోటు ఉంటుంది. మామూలుగా అది ఖాళీ. డిలీట్ చేస్తే అక్కడ నక్షత్రం గుర్తు పడుతుంది. ఆ గుర్తున్నవాటిని మా ప్రోగ్రామ్ మీకు చూపించదు, అంతే. పూర్తిగా తుడిచేయాలంటే ప్యాక్ అనే కమాండ్ ఇవ్వాలి. రద్దైన బిల్లుకూ ఒక ఆధారం మిగలాలని బిల్లుల ఫైళ్ల మీద నేనెప్పుడూ ప్యాక్ నడపలేదు. అది సరైన పనేనని ఇప్పటికీ అంటాను.

ఆ సంస్థ టూల్ ఆ మొదటి బైట్‌ను చూడనే లేదు. నక్షత్రం ఉన్నవీ లేనివీ ఒకటే అన్నట్టు అన్నిటినీ మోసుకెళ్లి కొత్త డేటాబేస్‌లో పోసింది. పని అప్పగించేటప్పుడు నేను రాసిచ్చిన కాగితంలో ఈ సంగతి రెండో పేజీలోనే ఉంది. వాళ్ల పరీక్ష రిపోర్టులో "పాత రికార్డుల సంఖ్య, కొత్త రికార్డుల సంఖ్య సమానం" అని ఉంది. సమానం కాక ఏమవుతాయి? ఫాక్స్‌ప్రో ఫైలు తన హెడర్‌లో, అంటే మొదట్లో ఉండే వివరాల్లో చెప్పే సంఖ్యలో డిలీట్ చేసినవీ కలిసే ఉంటాయి. ఆ రెండు అంకెలు సరిపోయాయంటేనే తప్పు జరిగిందని అర్థం. ఇది తెలిసిన నేనే ఆ రిపోర్టు మీద సంతకం పెట్టాను. వాళ్ల మీద నాకెంత కోపం ఉన్నా ఆ సంతకం నాది.

ఆ ఆదివారం పదకొండు గంటల వేళ నా ముందు రెండు దారులున్నాయి. ముందుకే వెళ్లి, రద్దైన బిల్లులను స్క్రిప్ట్‌తో, అంటే ఒక చిన్న ప్రోగ్రామ్‌తో తీసేయడం ఒకటి. "గంట పని, వెనక్కి ఎందుకు" అని ఆ సంస్థవాళ్లు పదే పదే ఒత్తిడి చేశారు. వెనక్కి వెళ్లడం రెండోది. కానీ అప్పటికే మీరు కొత్త సిస్టమ్‌లో వందల బిల్లులు కొట్టేశారు. పాతదానికి వెళ్తే అందులో అవేవీ ఉండవు. మా ఆఫీసులో కూడా సగం మంది ముందుకే వెళ్దామన్నారు. నాకు చేతులు వణికాయి. చివరికి ఒక్క విషయం తేల్చేసింది. మీలో చాలామంది బిల్లు రద్దు చేశాక అదే నంబరుతో మళ్లీ కొత్త బిల్లు వేస్తారు. నక్షత్రం దారిలోనే పోయింది కాబట్టి, ఒకే నంబరున్న రెండింటిలో ఏది అసలుదో కొత్త డేటాబేస్‌కు తెలియదు. స్క్రిప్ట్ పొరపాటున అసలు బిల్లును తీసేస్తే మీరు ఏడాది చివర లెక్కలు చూసుకునేదాకా ఎవరికీ తెలిసేది కాదు. వెనక్కే వెళ్దామన్నాను. ఆ ఉదయం మీరు వేసిన ప్రతి బిల్లునూ ప్రింట్ తీసి, అవే నంబర్లతో, రాత్రి చాలా పొద్దుపోయేదాకా నేనూ మావాళ్లూ పాత ప్రోగ్రామ్‌లో చేత్తో ఎక్కించాం. మీకు సగం రోజు వ్యాపారం ఆగింది, అందుకు క్షమించండి. అయినా మళ్లీ ఆ పరిస్థితే వస్తే వెనక్కే వెళ్తాను.

ఆ సంస్థతో ఒప్పందం రద్దు చేసుకున్నాం. తరలింపు ప్రోగ్రామ్ నేనే కూర్చుని రాశాను. ఈసారి రికార్డులను లెక్కపెట్టి వదిలేయలేదు. ఖాతాదారు వారీ బాకీ, సరుకు వారీ నిల్వ, నెల వారీ పన్ను, అన్నీ రెండు వైపులా తీసి దశాంశాలతో సహా పోల్చాం. ఇంకో తప్పు కూడా దొరికింది. మా క్లౌడ్ సర్వర్ల గడియారం యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది కాబట్టి అర్ధరాత్రి దాటాక వేసిన బిల్లులకు ముందు రోజు తేదీ పడుతోంది. దాన్ని మీ స్థానిక సమయానికి సరిచేశాం. పోయిన వారాంతంలో రెండోసారి మారాం. ఇంతవరకు తేడా రాలేదు.

నెలాఖరు రద్దీకి ప్రోగ్రామ్ సర్వర్లు వాటంతట అవే పెరుగుతాయి, రద్దీ తగ్గాక తగ్గుతాయి. డేటాబేస్ అలా పెరగదు. అందుకే రిపోర్టులను దాని నకలు నుంచి తీస్తున్నాం. ఇప్పుడే వేసిన బిల్లు రిపోర్టులో రావడానికి కొన్ని సెకన్లు పట్టొచ్చు, టెన్షన్ పడకండి. బ్యాకప్ తీశామని మాట చెప్పడం కాదు, వారానికోసారి దాన్ని ఖాళీ సర్వర్ మీద రీస్టోర్ చేసి మొత్తాలు సరిచూస్తున్నాం. పాత సర్వర్‌ను చూడటానికి మాత్రమే వీలుండేలా ఏడాది పాటు ఉంచుతాను. అనవసరమైన ఖర్చని మావాళ్లు అంటున్నారు. ఉండనివ్వండి.

ఆ ఆదివారం మీరు లేని బాకీ అడిగిన ఖాతాదారులు ఎవరైనా ఉంటే వాళ్ల పేర్లు చెప్పండి. తప్పు మీది కాదు, మాది అని రాసి, నా సంతకంతో వాళ్లకు ఉత్తరం పంపుతాను.