మా నాన్న చెయ్యి, వాళ్ల వెబ్‌సైటు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది తూర్పు గోదావరి జిల్లా కడియపులంక. నాన్న నర్సరీ రైతు. మొక్కల పెంపకం, అంట్లు కట్టడం గురించి ఆయన చెబుతుంటే నేను ఫొటోలు తీసి, రాసి మా వెబ్‌సైట్‌లో పెడుతుంటాను. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, నేర్చుకోవచ్చు, పదిమందికీ చెప్పొచ్చు. మేం కోరుకునేదీ అదే.

కానీ ఆన్‌లైన్‌లో మొక్కలు అమ్మే ఒక సంస్థ, గులాబీకి కన్నంటు కట్టడం (ఒక మొక్క మొగ్గను, అంటే కన్నును, ఇంకో మొక్క బెరడులో అతికించడం) మీద మేం రాసిన వ్యాసాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తుకెళ్లి 'మా నిపుణుల బృందం' పేరుతో వేసుకుంది. ఫొటోల అడుగున ఉన్న మా సైటు పేరు కత్తిరించేశారు. చూపుడువేలికి ప్లాస్టర్ చుట్టుకుని, బెరడు చీలికలోకి కన్ను దూరుస్తున్న నాన్న చెయ్యి మాత్రం అలాగే ఉంది. అది చూసి ఆయన ఆ పూట సరిగా అన్నం తినలేదు.

వాళ్లు వదిలేసింది ఒక్క పేరానే. మన ఎండల్లో ఈ అంటు నిలవదు, చలికాలంలోనే కట్టాలి అని హెచ్చరించిన పేరా అది. దాని చోట అంటు చాకు, టేపు అమ్మకానికి పెట్టారు. ఏప్రిల్‌లో అవి కొని, కొమ్మలు ఎండబెట్టుకునేవాళ్లకు ఎవరు జవాబు చెబుతారు?

రిజిస్టర్ చేయించుకోకపోతే హక్కు ఉండదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా రాసిన క్షణం నుంచే హక్కు వస్తుంది. అంటు కట్టే పద్ధతి ఎవరి సొత్తూ కాదు, మా వాక్యాలు, మా ఫొటోలు మావి. నేను రెండు సైట్ల పేజీలనూ తేదీ, లింకు కనబడేలా భద్రపరిచి, ఆ సైటుకు సర్వర్ ఇచ్చిన కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాను. నిబంధనల ప్రకారం వాళ్లు 36 గంటల్లో స్పందించాలి. పేజీ ఆగింది.

అసలు చిక్కు ఆ తర్వాతే. 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే ఆ పేజీని మళ్లీ తెరవొచ్చు. మనం ఉండే జిల్లాలోనే దావా వేసుకునే వీలు చట్టంలో ఉంది, నిజమే. అయినా అన్ని రోజుల్లో వకీలును పట్టుకుని ఉత్తర్వు తెచ్చుకోవడం ఒక నర్సరీ కుటుంబానికి అయ్యే పనేనా? ఈ గడువును పెంచాలి. అప్పటిదాకా జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఇలాంటి కేసులను కూడా ముందుకొచ్చి తీసుకోవాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. వంటలు, కుట్లు, పాఠాలు రాసిపెట్టే అక్కచెల్లెళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. మీ పత్రిక ఈ వివరాలను మహిళా పేజీలో వివరంగా వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నర్సరీ రైతు కూతురు,
కడియపులంక