వార్షిక నివేదిక: మనం ఉంటున్న నేల మీద మేసిన మందలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే కళకళలాడాయి. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. నేను మాత్రం మనం సిడ్నీ రోజ్‌హిల్‌లోని ఎలిజబెత్ ఫార్మ్ అనే పాత ఇంటికి వెళ్లిన రోజు గురించే ఎక్కువ రాస్తున్నాను. పిల్లలు ఇప్పటికీ ఆ కబుర్లే చెప్పుకుంటున్నారు.

హారిస్ పార్క్‌లో దోసెలు తిని, కూరగాయలు కొనుక్కొని ఏళ్లుగా ఆ పక్కనుంచే తిరుగుతున్నాం. 1790లో సిడ్నీకి వచ్చిన గొర్రెల పెంపకంతో పేరు పొందిన జాన్, ఎలిజబెత్ మెకార్థర్ దంపతులు 1793లో కట్టించుకున్న ఇల్లు అది. అంతకుముందు ఆ నేల ఆదివాసులైన బుర్రమట్టగల్ వాళ్లది. ఈ ప్రాంతానికి పరమట్టా అన్న పేరు వాళ్ల నుంచి వచ్చిందే. ఈ మాట పిల్లలకు ముందు చెప్పాకే లోపలికి వెళ్లాం.

జాన్ మొదట కొన్న గొర్రెల్లో కలకత్తా నుంచి వచ్చిన బెంగాల్ గొర్రెలు, గొర్రెపిల్లలు కలిపి 60 ఉన్నాయి. మన నెల్లూరు గొర్రెల్లాగే వాటికి వెంట్రుకలే తప్ప ఊలు ఉండదు. వాటిని ఐర్లాండ్ గొర్రెలతో కలిపితే ఈనిన పిల్లలకు కాస్త ఊలు వచ్చింది. అది విని మనతో వచ్చిన పాలమూరు పెద్దాయన, "మా నల్ల గొర్రెలు తెచ్చుకుంటే మొదటి ఏడే గొంగడి నేసుకునేటోళ్లు" అన్నారు. చిన్నప్పుడు మంద కాసిన మనిషి ఆయన.

1797లో ఆఫ్రికా దక్షిణ కొసనున్న కేప్ నుంచి మెరినోలు, అంటే మేలైన ఊలు ఇచ్చే గొర్రెలు, వచ్చాయి. 1801లో టూంగాబీ దగ్గర భూమితో పాటు పెద్ద మందనూ కొన్నారు. మనలో ఎన్నో కుటుంబాలు ఇప్పుడు ఉంటున్నది ఆ చుట్టుపక్కలే! 1805లో కౌపాశ్చర్స్ అనే చోట 5,000 ఎకరాలు దక్కాయి.

కాలనీని ఏలే బ్రిటిష్ గవర్నర్ బ్లైను దించేసిన గొడవలో ఉన్నందువల్ల జాన్ 1809 నుంచి 1817 దాకా ఇంగ్లండ్‌లోనే ఉండిపోయాడు. ఆ ఎనిమిదేళ్లూ పిల్లల్ని పెంచుతూ, కాపర్ల చేత పని చేయిస్తూ, మంచి పొట్టేళ్లను ఏరుకుంటూ, ఊలును లండన్‌కు పంపింది ఎలిజబెత్. 1822లో ఆ ఊలుకు బంగారు పతకాలు జాన్‌కు వచ్చాయి. తర్వాత, 1988 దాకా చెలామణిలో ఉన్న ఆస్ట్రేలియా రెండు డాలర్ల నోటు మీద బొమ్మ కూడా ఆయనదే. ఆ పతకాల్లో సగమైనా ఆమెవని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇంటికి ఆమె పేరుండటం కొంత ఊరట.

వచ్చే ఏడాది ఆ కుటుంబం వాళ్లు ఇప్పటికీ ఉంటున్న కామ్డెన్ పార్క్ అనే ఇల్లు చూడాలని కార్యవర్గం ఆలోచన. ఇంటిని ఏటా సెప్టెంబర్‌లో ఒక వారాంతం అందరికీ తెరుస్తారు, అందుకని రాదలచిన వాళ్లు ముందుగానే పేర్లు ఇవ్వండి.

– కార్యదర్శి