చెవి మిషన్‌ను రొదలో పెట్టి చూపించండి

సంపాదకులకు నమస్కారం. మా నాన్నకు చెవి మిషన్ పెట్టించాక ఇంట్లో బాగానే వినిపిస్తోంది గానీ, పెళ్లి భోజనాల దగ్గర పక్కవాళ్ల మాటే తెలియక తీసి జేబులో వేసుకుంటున్నారు. ఇది చాలా ఇళ్లల్లో ఉన్న బాధే.

మిషన్ లోపలి చిప్ శబ్దాన్ని ఫ్రీక్వెన్సీల వారీగా విడగొట్టి, రొద అనిపించినచోట తగ్గించి, మళ్లీ కలిపి చెవిలోకి పంపాలి. అదీ దాదాపు 10 మిల్లీసెకన్లలోపే, అంతకంటే ఆలస్యమైతే మన గొంతే మనకు రెండుసార్లు వినిపించినట్టు చిరాకుగా ఉంటుంది. ఫ్యాన్ హోరు ఒకే తీరుగా ఉంటుంది, దాన్ని సులువుగా పట్టేస్తుంది. పదిమంది కబుర్ల గోల కూడా మాటే కదా, తడబడేది అక్కడే. అప్పుడు ఎక్కువ ఆదుకునేది మిషన్‌కుండే రెండు మైకులు. వాటికి శబ్దం చేరే సమయంలోని చిన్న తేడాను బట్టి వెనక నుంచి వచ్చేదాన్ని తగ్గిస్తాయి. అందుకే మాట్లాడేవాళ్లు ఎదురుగా ఉండాలి. ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. డీప్ న్యూరల్ నెట్‌వర్క్ (ఎన్నో ఉదాహరణలు చూసి మాటనీ రొదనీ వేరు చేయడం నేర్చుకున్న ప్రోగ్రామ్) చిప్‌లతో కొత్త మిషన్లు వచ్చాయి, మేలే, కానీ ధర మామూలు కుటుంబానికి అందదు.

నిశ్శబ్దంగా ఉన్న ఏసీ గదిలో పరీక్షించి వేలకు వేలు తీసుకోవడం అన్యాయం. స్పీకర్లో తెలుగు మాటల గోల పెట్టి, అందులో ఎదుటివాళ్ల మాటలు ఎన్ని పట్టుకోగలరో చూసి, కొన్నాళ్లు వాడనిచ్చాకే డబ్బు తీసుకునేలా ప్రభుత్వం నిబంధన పెట్టాలి.

— ఒక పాఠకుడు, విజయనగరం